మూడు మీటర్లు, ఎఫ్8, మా చెల్లెలి నెయిల్ పాలిష్

మా మామకి నా కెమెరా చూపిస్తే ఆయన మొట్టమొదట చేసిన పని లెన్సు ఊడదీసి చెవి దగ్గర పెట్టుకోని రింగు తిప్పడం. ముందు అద్దం చూళ్ళేదు, వెనక కెమెరాకి తగిలించే మౌంటు చూళ్ళేదు. ఈ కొస నుంచి ఆ కొసకి రెండు సార్లు తిప్పి "ఇసక ల్యా, గ్రీసు మాత్రం ఎండిపోయిండాది, ఎంత పెట్టినావు?" అన్నాడు. 6,500 అన్నా. "రష్యావోడి లెన్సుకి ఆరున్నర వేలా!" అని ఇంక నా మొహం కూడా చూళ్ళేదు, లెన్సు ఒళ్ళో పెట్టుకోని కాఫీ తాగినాడు.

మామ చిత్తూరులో బజారు వీధి వెనకాల సందులో చాన్నాళ్ళు స్టూడియో నడిపినాడు. పెళ్ళిళ్ళు, సమర్తలు, పాస్‌పోర్టు ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు, ఏదొస్తే అది. డిజిటల్ వచ్చి సెల్‌ఫోన్లు కూడా వచ్చినాక మూసేసినాడు, అది వేరే కథ. మూసేసినప్పుడు ఆయన పెంటాక్స్ కె1000, దాంతో ఉండే 50 ఎంఎం ఎఫ్2 లెన్సు, ఇంకో 28 ఎంఎం ఎఫ్2.8, అన్నీ ఒక తోలు సంచిలో వేసి నాకిచ్చినాడు (ఎంఎం అంకె చిన్నదయ్యేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ వెల్తురు వచ్చే కంత పెద్దది). ఆ సంచి తిరుపతిలో మా బీరువా మీద నాలుగేళ్ళు పడుంది, నేను జిప్పు కూడా తియ్యలే. ఇంట్లో ఊరికే పడుండే జపాన్ లెన్సులు వదిలిపెట్టి యూట్యూబ్ చూసి యాడో ఢిల్లీ నుంచి రష్యా లెన్సు తెప్పించుకున్నా. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్లేదు.

ఆ రష్యా లెన్సు పేరు హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్2. జర్మనీ కార్ల్ జైస్ వాళ్ళ బయోటార్ డిజైనుని యుద్ధం అయినాక సోవియట్ వాళ్ళు పట్టుకుపోయి జెనిత్ కెమెరాలకి తగిలించి లక్షల్లో చేసినారు. నా దాని నంబరు 78తో మొదలవుతుంది, వీటికి మామూలుగా మొదటి రెండంకెలూ తయారైన సంవత్సరం, అంటే 1978, నాకంటే పెద్దది, అన్నా అని పిలవాలి. అందరూ దీన్ని కొనేది ఒక్కదాని కోసమే, సుడి. మనిషి వెనకాల చెట్టు ఆకుల సందుల్లోంచి వెల్తురు చుక్కలు చుక్కలుగా పడతా ఉంటే, మధ్యలో చుక్కలు గుండ్రంగా ఉండి అంచులకి పోయేకొద్దీ పిల్లికన్ను లాగా సన్నగా అయిపోయి మనిషి చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. నేను కూడా అందుకే కొన్నా, అబద్ధం ఎందుకు.

పార్సిల్ వచ్చిన ఆదివారం మా చెల్లెల్ని బండెక్కించుకోని చంద్రగిరి పోయినా. రాజమహల్ ముందర లాన్‌లో చెట్టు కింద నిలబెట్టి గంటన్నర తీసినా. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే బ్లర్ ఉంది, బాగానే ఉంది, కానీ సుడి ఏదీ? ఎక్కడో మూలల్లో కొంచెం వంగినట్టు ఉందంతే. రాత్రంతా చదివితే అర్థమైంది, నాది సోనీ ఏ6000, సెకండ్ హ్యాండ్‌ది, దాంట్లో ఉండేది ఏపీఎస్-సీ సెన్సారు, ఫిల్ము కంటే చిన్నది, లెన్సు వేసే బొమ్మలో నడిమి ముక్కే అది తీసుకుంటుంది, 58 లెన్సు 87 లాగా కనపడుతుంది. సుడి ఉండేదేమో అంచుల్లో. ఆ అంచుల్నే కోసి అవతల పారేస్తా ఉంది నా కెమెరా! సుడి కావాలంటే ఫిల్ము అంత సెన్సారుండే ఫుల్ ఫ్రేము బాడీ కొనాలి, ఆరున్నర వేల లెన్సు కోసం లక్ష రూపాయల బాడీ. మా చెల్లెలైతే "అన్నా, ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్‌లో తీసుంటే ఆ రోజే స్టేటస్ పెట్టేసేదాన్ని" అనింది.

ఇక్కడ పాత లెన్సుని కొత్త కెమెరాకి తగిలించే రింగు, అడాప్టర్ గురించి కొంచెం చెప్పాల, ఎందుకంటే నా కష్టాలన్నీ ఆ రింగులోంచే వచ్చినాయి. పాత ఎస్ఎల్ఆర్‌లలో లెన్సుకీ ఫిల్ముకీ నడిమధ్యలో అద్దం లేచి పడతా ఉంటుంది, దానికి చోటు కావాలి కాబట్టి లెన్సు దూరంగా కూర్చుంటుంది. హీలియోస్‌ది ఎం42 మర (స్క్రూ లాగా తిప్పి బిగించే మౌంటు), మౌంటు నుంచి ఫిల్ము దాకా 45.46 మిల్లీమీటర్లు. మామ పెంటాక్స్ కె మౌంటుది కూడా అదే 45.46. సోనీ మిర్రర్‌లెస్‌కి అద్దమే లేదు కాబట్టి 18 మిల్లీమీటర్లే. 45.46లో 18 తీసేస్తే 27.46, అంతే, అడాప్టర్ అనేది 27.46 మిల్లీమీటర్ల పొడుగుండే ఖాళీ డబ్బా. లోపల గాజు లేదు, కరెంటు లేదు, గాలి ఉంటుంది. అందుకే వెయ్యి రూపాయల లోపల దొరుకుతుంది. నా ఫ్రెండు ఒకడు ఇది చూసి వాడి నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి కూడా ఎం42 రింగు కొన్నాడు, పాపం, నికాన్ ఎఫ్ మౌంటు 46.5, అంటే లెన్సు ఉండాల్సిన చోటు కంటే ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది, దగ్గర వస్తువులు పడతాయి గానీ కొండ మాత్రం ఎప్పటికీ షార్పు కాదు. తిరుపతిలో ఉండి కొండ ఫోకస్ కాని కెమెరా ఏం చేసుకుంటాడు, వెనక్కిచ్చేసినాడు.

తగిలించినాక ఫోటో తియ్యకపోతే భయపడొద్దు, కెమెరాకి లెన్సు ఉన్నట్టే తెలీదు, మెనూలో రిలీజ్ వితౌట్ లెన్స్ అని ఉంటుంది, అది ఎనేబుల్ చెయ్యాల. ఏపర్చర్ (వెల్తురు వచ్చే కంత) మనం పెట్టుకునే ఏపర్చర్ ప్రయారిటీలో పెడితే షట్టరు స్పీడు అదే చూసుకుంటుంది. హీలియోస్ 44-2కి ఏపర్చర్ రింగులు రెండుంటాయి, ఒకటి టక్ టక్ మని ఆగేది, ఇంకోటి ఊరికే జారేది. మొదటిది ఎఫ్8 దగ్గర పెట్టుకుంటే రెండోది ఎఫ్2 నుంచి ఎఫ్8 వరకే తిరిగి ఆగిపోతుంది, తెరిచి ఫోకస్ చేసుకోని మూసి నొక్కడానికి. ఇది తెలీక నేను వారం రోజులు లెన్సు చెడిపోయిందనుకున్నా.

సరే, ఈ లెన్సు పట్టుకోని మా ఊరి జాతరకి పోయిన కథకి వస్తా.

మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మేలో వస్తుంది. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, అట్ల రోజుకొకటి. పాళేగాడిని వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం వేసిందని కథ. ఊళ్ళో మగోళ్ళు, పిల్లోళ్ళు, మొక్కుకున్నోళ్ళు అందరూ వేస్తారు. బైరాగికి ఒళ్ళంతా తెల్లటి నామం పూసుకుంటారు, బండకి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి గంధం. ఇంతకంటే మంచి సబ్జెక్టు యాడ దొరుకుతుంది? హీలియోస్ పట్టుకోని బుధవారం పొద్దున్నే పోయినా.

మాన్యువల్ లెన్సు వాడేవాళ్ళకి మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పీకింగ్ అని ఒకటి ఇచ్చినారు, ఫోకస్ ఉండే చోట అంచుల చుట్టూ రంగు గీతలు మెరుస్తాయి. నా కెమెరాలో మూడు రంగులు, తెలుపు, ఎరుపు, పసుపు. నేను తెలుపు పెట్టుకున్నా. ఎదురుగా వచ్చేవాడు తల నుంచి కాలి దాకా తెల్ల నామం. మే నెల ఎండ. స్క్రీను మీద గీత ఏదో నామం ఏదో దేవుడికే తెలియాల. మరుసటి రోజు తెలివిగా ఎరుపుకి మార్చుకోని పోయినా, ఆ రోజు బండ వేషం అనే సంగతే మర్చిపోయి. ఒళ్ళంతా కుంకుమ! కెమెరావాడు ఇచ్చిన మూడు రంగులూ మా గంగమ్మ వేషాల్లోనే ఉన్నాయి, శనివారానికి పసుపు కూడా గంధంలో కలిసిపోతుంది. పీకింగ్ ఏం పీకలేకపోయింది.

రంగు ఒక్కటే కాదు, అసలు తప్పు నాది. ఎఫ్2లో, అంటే లెన్సు పూర్తిగా తెరిచి తీస్తా ఉన్నా. మీటరున్నర దూరంలో ఉండే మనిషిని ఈ లెన్సుతో ఎఫ్2లో తీస్తే ముందూ వెనకా కలిపి ఐదు సెంటీమీటర్లే షార్పుగా ఉండేది, ముక్కు వస్తే చెవి పోతుంది. వాడేమో నిలబడడు, డప్పులకి ఎగురుతా వస్తాడు, వెనక నుంచి జనం తోస్తారు. రెండు రోజుల్లో ఐదొందల పైన తీసినా, లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే పనికొచ్చేవి పదకొండు. వాటిల్లో కూడా నాలుగు నిలబడి టీ తాగేవాళ్ళవి.

గురువారం రాత్రి మామకి ఫోన్ చేసినా. ఆయన నవ్వి, "ఒరే అల్లుడూ, ఎగిరేవోడి ఎనక రింగు తిప్పుతా పోతే యాడ దొరుకుతాడ్రా? మూడు మీటర్లు పెట్టుకో, ఎనిమిది పెట్టుకో, ఇంక రింగు ముట్టుకుంటే చెయ్యి ఇరుగుతాది అనుకో. వాడే మూడు మీటర్లకి వస్తాడు, అప్పుడు నొక్కు. నా 28 యాడ పెట్టినావు?" అన్నాడు.

బీరువా మీద నుంచి సంచి దించినా. 50 లెన్సు లోపల సాలెగూడు లాగా ఫంగస్. తోలు సంచి తేమని పట్టేసుకోని వదలదు, లెన్సు దాచడానికి అంత చెడ్డ చోటు ఇంకోటి లేదు, ఈ మాట కూడా మామే తర్వాత చెప్పినాడు, ఇచ్చేటప్పుడు మాత్రం చెప్పలే. 28 బాగానే ఉంది. దానికి సరిపోయే పెంటాక్స్ కె మౌంటు రింగు మా ఫ్రెండు దగ్గర తీసుకున్నా.

మామ చెప్పిన ఈ మూడు మీటర్లు, ఎఫ్8 ఏందో నేను మొదట ఆయన అలవాటు అనుకున్నా. కాదు, దానికి లెక్క ఉంది. ఆయన పెళ్ళిళ్ళలో వాడింది గైడ్ నంబర్ (ఫ్లాషు బలం చెప్పే అంకె) 24 ఉండే ఫ్లాషు. 100 స్పీడు ఫిల్ములో గైడ్ నంబరుని దూరంతో భాగిస్తే ఏపర్చర్ వస్తుంది, 24 బై 3, 8. దూరం మారితే ఏపర్చర్ మార్చాల, మార్చడం మర్చిపోతే తాళి కట్టే ఫోటో తెల్లగా కాలిపోతుంది, మళ్ళీ కట్టమంటే కట్టరు. అందుకని దూరం మార్చకుండా ఆయనే మారేవాడు, పెళ్ళికొడుకు నుంచి నాలుగు అంగలు వేసి కొలుచుకోని నిలబడేవాడు. మా ఇంటి పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లో బొమ్మలన్నీ ఒకే సైజులో ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది.

జాతరలో ఫ్లాష్ అక్కర్లే గానీ అదే లెక్క ఫోకస్‌కి కూడా పనికొస్తుంది. 28 ఎంఎం లెన్సు, నా సెన్సారు, ఎఫ్8, మూడు మీటర్ల దగ్గర పెడితే దాదాపు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల పైదాకా అంతా షార్పే. అదే 50 లెన్సుతో అయితే రెండున్నర నుంచి మూడు ముప్పావు లోపలే, అందుకే ఆయన 28 అడిగింది. ఒక తిరకాసు ఉంది, లెన్సు మీద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా షార్పు అని చూపించే గీతలు పెద్ద ఫిల్ముకి వేసినవి, చిన్న సెన్సారుకి అవి ఎక్కువ చెప్తాయి, ఎఫ్8లో తీసేటప్పుడు 5.6 గీతలు చూసుకోవాల.

శుక్రవారం తోటి వేషం. 28 తగిలించి, మూడు మీటర్లు, ఎఫ్8, రింగు ముట్టుకోలే. స్క్రీను కూడా సరిగ్గా చూళ్ళే, ఎండలో ఏం కనిపిస్తుంది గనక. ఒళ్ళంతా బొగ్గు పూసుకున్నోళ్ళని తీస్తే కెమెరా మీటరు చీకటి అనుకోని బొమ్మని తెల్లగా చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరు (లోపలికి తీసుకునే వెల్తురు) ముప్పావు స్టాపు దించుకున్నా, అదొక్కటి మాత్రం కరెక్టుగా చేసినా. ఇంటికి పోయి చూస్తే రెండు మీటర్ల దగ్గర ఉండే మనుషులందరూ మెత్తగా, వాళ్ళ వెనకాల షాపు బోర్డు మీద అక్షరాలు, దాని పైన కరెంటు తీగలు, తీగ మీద కాకి, అన్నీ కత్తిలాగా! మూడు వందల ఫోటోల్లో బోర్డులన్నీ చదవొచ్చు.

మామకి మళ్ళీ ఫోన్ చేస్తే "నా లెన్సులో తప్పు లేదు, మధ్యలో ఏందో పెట్టినావు కదా, దాన్ని చూడు" అన్నాడు.

రాత్రి పదకొండుకి మిద్దెక్కినా. మా మిద్దె మీద నుంచి గాలిగోపురం లైట్లు బాగా కనిపిస్తాయి, అంత దూరంలో ఉండేది లెన్సుకి ఇన్ఫినిటీయే, రింగు చివర ఉండే దూరమే కదా అని దాని మీద ఫోకస్ చేసినా. స్క్రీను జూమ్ చేసి రింగు తిప్పుతా ఉంటే లైట్లు చుక్కలు చుక్కలుగా తేలినాయి, కానీ రింగు చివరి దాకా పోలే, ఇంకా తిరుగుతా ఉంది, తిప్పితే మళ్ళీ అలుక్కుపోతా ఉంది. అంటే అడాప్టర్ పొట్టిది. చవక రింగులు చేసేవాళ్ళు కావాలనే వెంట్రుకవాసి తక్కువ చేస్తారు, ఇన్ఫినిటీ రాలేదని ఎవరూ వెనక్కి పంపకుండా. ఫోకస్ చూసుకోని తీసేవాడికి దాంతో ఏం నష్టం లేదు. లెన్సు మీద దూరాల స్కేలు నమ్ముకోని తీసేవాడికి కొంప మునుగుతుంది. ఎందుకంటే 28 లెన్సులో ఇన్ఫినిటీ నుంచి మూడు మీటర్లకి రావాలంటే లెన్సు ముందుకి జరిగేదే పావు మిల్లీమీటరు. అడాప్టర్‌లో దాంట్లో సగం తగ్గితే మూడు అని పెట్టింది నిజానికి ఆరు అవుతుంది. నాకు అయింది సరిగ్గా అదే.

అప్పుడు కింద నుంచి టేపు తెచ్చినా, ఇంట్లో క్యాలెండరు నుంచి నెల కాయితం ఒకటి చింపి నీళ్ళ ట్యాంకుకి అంటించినా. టెస్ట్ చార్టు అని డబ్బులు పెట్టి కొంటారు గానీ రాహుకాలం, వర్జ్యం అని అంత సన్నగా అచ్చేసిన కాయితం కంటే మంచి చార్టు ఏముంది. దాని నుంచి మూడు మీటర్లు కొలిచి స్టూలు మీద కెమెరా పెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసి, లెన్సు పూర్తిగా ఎఫ్2.8కి తెరిచి (మూసి పెడితే ఎక్కడైనా షార్పుగానే కనిపిస్తుంది, తప్పు దొరకదు) స్క్రీను జూమ్ చేసి, వర్జ్యం టైము చదవడానికొచ్చే దాకా రింగు తిప్పినా. స్కేలు లెక్కన అది రెండు మీటర్ల చోటు. మూడు సార్లు మొదటి నుంచి చేసినా, మూడు సార్లూ అక్కడే ఆగింది. మా చెల్లెల్ని నిద్ర లేపి నెయిల్ పాలిష్ అడిగితే అది నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. అగ్గిపుల్ల కొనతో రింగు మీద ఒక చుక్క, బ్యారెల్ మీద ఒక చుక్క పెట్టినా. రెండు చుక్కలూ కలిస్తే మూడు మీటర్లు.

తర్వాత ఒకాయన చెప్పినాడు, మామూలు ఏ4 కాయితం మందం 0.1 మిల్లీమీటరు ఉంటుంది, రింగు లాగా కత్తిరించి అడాప్టర్ స్క్రూలు విప్పి లోపల పెడితే స్కేలు కూడా సరిపోతుందని. కరెక్టే. కానీ స్క్రూ డ్రైవరు దగ్గర నాకు మంచి చరిత్ర లేదు, నెయిల్ పాలిష్‌తోనే నడుస్తా ఉంది.

శనివారం దొర వేషం. గంధం, వేపాకు, పూలు. కెమెరా రొమ్ము దగ్గర పెట్టుకోని నడిచినా, కంటికి ఆనించలే. చుక్కలు కలిపి, ఎఫ్8, ఐఎస్ఓ 400, షట్టరు సెకనులో వెయ్యో వంతు దరిదాపుల్లో వస్తా ఉంది. నాలుగు అంగల దూరం అంటే ఎంతో పొద్దున్నే మా సందులో కరెంటు స్తంభం దగ్గర నిలబడి పదిసార్లు చూసుకోని పోయినా, ఎవరైనా చూసుంటే ఏమనుకున్నారో. ఆ దూరానికి మనిషి రాగానే నొక్కడం, అంతే. ఫోకస్ గురించి ఆలోచన లేకపోయేసరికి ఎదురుగా వచ్చేవాళ్ళని చూడ్డానికి టైము దొరికింది. ఒక ఎనిమిదేళ్ళ పిల్లోడు గంధం ఆరిపోయి మొహం బీటలు వారిన నేల మాదిరి అయిపోయి, దురద పెడతా ఉంటే గోక్కోకుండా వాళ్ళమ్మ చెయ్యి గట్టిగా పట్టుకోనుంటే, వాడి ఇంకో చేతిలో కరిగిపోయే ఐసు మోచేతి దాకా గంధంలో తెల్ల గీత గీస్తా కారుతా ఉంది. బుధవారం అయితే ఈ ఐసు నాకు కనిపించేది కాదు, పీకింగ్ గీతలు వెతుక్కుంటా ఉందును.

ఆ రోజు నూట అరవై తీస్తే నూరు పైన షార్పుగా వచ్చినాయి. బాగున్నాయని కాదు, షార్పుగా ఉన్నాయి.

ఇప్పుడు ఇట్లాంటి పాత లెన్సు కొనాలనుకునేవాళ్ళు నన్ను అడుగుతున్నారు కాబట్టి, డబ్బులు మిగుల్తాయని మాత్రం కొనొద్దు. లెన్సు, రింగు, ఇంకో రింగు, ఫంగస్ తీయించడం, ఇంకో లెన్సు, ఇట్లే పోతుంది. ముందు మీ ఇంట్లో, మేనమామల ఇంట్లో బీరువా మీద చూడండి, ఆ కాలంలో పెంటాక్స్, యాషికా, జెనిత్ లేని స్టూడియో తక్కువ. కొనేటప్పుడు లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి, ఫంగస్ ఉంటే అప్పుడే తెలుస్తుంది, మామూలు వెల్తురులో కనపడదు. లోపల ఏపర్చర్ బ్లేడ్ల (కంతని మూసే రేకుల) మీద నూనె మెరుస్తా ఉంటే రేటు తగ్గించమనండి. మన ఎండకి కారులో వదిలేసిన లెన్సులో గ్రీసు పల్చబడి బ్లేడ్ల మీదకి వస్తుంది, తర్వాత అవి బద్ధకంగా కదుల్తాయి.

ఎండ అంటే గుర్తొచ్చింది, ఒకే ఒక్క లెన్సుకి తిరుపతి ఎండ మేలు చేస్తుంది. సూపర్ టాకుమార్ 50 ఎంఎం ఎఫ్1.4, ఏడు ఎలిమెంట్లది (లోపల ఏడు గాజులుండేది), దాని గాజులో థోరియం కలిపినారు, ఆ రేడియేషన్‌కి ఏళ్ళు గడిచేకొద్దీ గాజు టీ డికాషన్ రంగుకి తిరుగుతుంది. ఎండలో ఉండే యూవీ తగిలితే ఆ రంగు విరిగిపోతుంది. మా ఫ్రెండు ఒకడు ఏప్రిల్ అంతా మిద్దె మీద వడియాల పక్కన పెట్టినాడు, నెల తిరిగేసరికి చాలా మటుకు తెల్లబడింది. ఒక్క జాగ్రత్త, కింద వెండి రంగు రేకు పరిచి పెట్టండి, ఇది భూతద్దం కూడా కదా, వాడు మొదటి రోజు వట్టి చాప మీద పెట్టి చాపకి బొక్క చేసుకున్నాడు, వాళ్ళ జేజి ఇంకా తిడతా ఉంది.

మొన్న చిత్తూరు పోయినప్పుడు ఆ ఐసు పిల్లోడి ఫోటో పెద్ద సైజులో ప్రింటు వేయించుకోని పోయి మామకి ఇచ్చినా. కళ్ళద్దాలు తీసేసి ప్రింటుని ముక్కు దగ్గర పెట్టుకోని చానా సేపు చూసినాడు. "మూడు మీటర్లే" అన్నాడు. నేను మెడ నిక్కించేలోపల, "వాళ్ళమ్మ కాళ్ళు కోసేసినావు కదరా, ఇంకో అడుగు ఎనక్కి పోయుంటే నీ సొమ్మేం పోయేది?" అని ప్రింటు నాకే ఇచ్చేసినాడు. హీలియోస్ మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంది. గ్రీసు మారుస్తా అన్నాడు, రెండు నెలలైంది, అడిగితే "రష్యావోడిది, అంత బేగి విప్పుకోదు" అంటాడు.